అరవని పెట్టె

"...అరవలేదంటే లేదనేగా అర్థం! లేనిదాన్ని ఉందంటావేంటి?"

"ఉంది కాబట్టే అంటున్నా. ఈ చొక్కా ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకో. పెట్టెకి తెలిసేది నాకు తెలీదా? ముక్కు దానికుందా, నాకుందా?"

"దానికే ఉంది. నీకున్నది నోరు."

పక్క గదిలో అక్క బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. తమ్ముడూ మరదలూ ఇలా కీచులాడుకోవడం ఆ ఇంట్లో కుళాయి కారడం లాంటిది. వినపడుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. కానీ పెట్టె అన్న మాట చెవిన పడగానే ఆమె చెయ్యి ఆగింది. కాలరు మాడకముందే ఇస్త్రీపెట్టె పైకి తీసి పక్కన నిలబెట్టి, అవతలి గదిలోకి వచ్చింది.

మరదలు చొక్కాని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడింది.

"నువ్వే చెప్పు వదినా. ఇది చొక్కా వాసనేనా?"

ఆమె దగ్గరికి తీసుకుంది. ముక్కుకంటే ముందు కళ్ళు మండాయి.

తమ్ముడు చేపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటరు. అక్కడి చల్లదనమంతా అమ్మోనియా అనే వాయువుతో పుడుతుంది. గొట్టాల్లో తిరుగుతున్నంతసేపూ దానంత బుద్ధిమంతురాలు లేదు. బయటపడిందంటే కళ్ళనీ ఊపిరితిత్తులనీ కాల్చేస్తుంది. మొదట్లో చురుక్కుమనే ఘాటు కూడా రోజూ అందులో తిరిగేవాళ్ళకి తెలియకుండా పోతుంది. అందుకని మెషీన్ రూము గోడకి ఒక పెట్టె తగిలిస్తారు. గాలిలో అమ్మోనియా తగలగానే అది చెవులు చిల్లులు పడేలా అరవాలి. ఇప్పుడక్కడ వేలాడుతున్న పెట్టె అక్క పనిచేసే చిన్న కంపెనీలో తయారైంది. దాని బుర్రని ఆ సైజుకి కుదించింది ఆమే.

"ఎక్కడ తగిలిందిరా ఇది?"

"ఎక్కడా తగల్లేదక్కా. పొద్దుటినుంచీ మెషీన్ రూములోనే ఉన్నాను. ఆ మాత్రం ఉండదా? చేపల గోదాములో పనిచేసేవాడి దగ్గర అత్తరు వాసనొస్తుందా?"

"పెట్టె అరవలేదా?"

"నీ పెట్టె బంగారమే. వచ్చినప్పటినుంచీ నోరు తెరిస్తే ఒట్టు. పాతది తలుపు తీస్తే అరిచేది, తుమ్మితే అరిచేది. దాని నోట్లో గుడ్డలు కుక్కేవాళ్ళం. మొన్న మా మేనేజరు కూడా అన్నాడు, మీ అక్క చేసిన పెట్టె మా ఆవిడకంటే నయమయ్యా, పైకి ఒక్క మాటనదు అని."

"ఒక్కసారి కూడా అరవలేదా?"

"చెప్తున్నాగా."

"లైటో?"

"దానికేం, పచ్చగా కొట్టుకుంటూనే ఉంటుంది. గుండెలాగా." తమ్ముడు ఛాతీ మీద వేలితో కొట్టి చూపించాడు. "రేపు నూనె తీసే పనుంది, పెందరాళే వెళ్ళాలి. మీ పంచాయితీ అయిపోతే అన్నం పెట్టండి."

ఆమె చొక్కా తీసుకెళ్ళి విడిగా ఒక బకెట్‌లో నానబెట్టింది.

"చూశావా, వదిన కూడా వేరే బకెట్‌లో వేసింది" అంది మరదలు, గెలిచిన గొంతుతో.

ఆమె నవ్వలేదు.

*

వర్క్‌షాపులో ఆమెని కత్తెర అంటారు. ఎదుట కత్తెరగారు, వెనక కత్తెర. ఆ పేరు పెట్టింది బోర్డుల మీద సామాను అతికించే ముసలాయన. ఆయన్ని అందరూ టంకం అంటారు కాబట్టి, ఆయనకి ఇతరులకి పేర్లు పెట్టే హక్కు ఉందని ఒప్పుకున్నారు.

తల్లి పోయేనాటికి తమ్ముడు ఇంకా బడిలో ఉన్నాడు. ఆమె డిప్లొమా పూర్తిచేసి బొమ్మల కంపెనీలో చేరింది. నొక్కితే పాడే బొమ్మలు. బొమ్మ కడుపులో ఉండే చిప్‌లో ఒక పాట పట్టడమే గగనం. అక్కడే ఆమెకి ఇరుకులో కాపురం చేయడం అలవాటైంది. తమ్ముడి చదువు, వాడి ఉద్యోగం, వాడి పెళ్ళి అన్నీ ఆ ఇరుకులోంచే అమర్చింది. తన పెళ్ళి సంగతి ఎవరో ఎత్తితే, అందులో పట్టలేదులే అనేది. ఆమె గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక అలమర. వదిన గదిలో దుమ్ముకి కూడా చోటు దొరకదు అంటుంది మరదలు.

ఈ కంపెనీకి వచ్చాక ఆమె పని కెర్నల్. యంత్రంలో ఉండే ప్రోగ్రాములన్నిటికీ అది ఇంటిపెద్ద లాంటిది. ఎవరికెంత చోటు, ఎవరి వంతు ముందు, తలుపు తట్టిందెవరు, అన్నీ అదే చూసుకుంటుంది. పెద్ద పెద్ద కంప్యూటర్ల కొలువులో పెరిగి, లోకంలోని విద్యలన్నీ నేర్చుకొచ్చిన పెద్ద. దాన్ని అగ్గిపెట్టెంత బోర్డు మీద కూర్చోబెట్టాలంటే నేర్చినవి మరిపించాలి. దానికో పద్ధతి ఉంది. తెర మీద ప్రశ్నలు వస్తాయి, వేలకి వేలు. ఈ విద్య కావాలా, వద్దా? ప్రతి ప్రశ్న కిందా నాలుగు ముక్కల వివరణ. చాలావాటికి చివర్లో ఒకటే సలహా ఉంటుంది: సందేహంగా ఉంటే వద్దనండి.

ఆమె ఆ సలహాని దాటి ఎరగదు. ప్రింటర్లు వద్దు, తెరలు వద్దు, కీబోర్డులు వద్దు. ఒక్కొక్కటీ తీసేసి, బోర్డు వెలిగించి, బతికే ఉందో లేదో చూసి, ఇంకొకటి తీసేది. "మీ చేతికి ఏనుగునిస్తే పిల్లిని చేసి పంపుతారండీ" అనేవాడు టంకం. "అదీ తోక లేకుండా."

కొత్త పెట్టె దగ్గరకొచ్చేసరికి కథ ముదిరింది. యజమాని ఇంకా చిన్న చిప్ కొన్నాడు. పైగా పెట్టె తన లెక్కల్ని ఎప్పటికప్పుడు ఫోన్ సిగ్నల్ మీద ఆఫీసుకి పంపాలన్నాడు. చోటు తగ్గింది, సామాను పెరిగింది. తీసేయగలిగినవన్నీ తీసేసినా ఇంకా చారెడు మిగిలిపోయింది.

అప్పుడు ఆమె కంటికి ఒక ప్రశ్న కనిపించింది. కెర్నల్ పనిచేస్తూ, తనకి జరిగేవన్నీ పొట్టి పొట్టి వాక్యాల్లో పైకి చెప్పుకుంటూ ఉంటుంది. ఫలానా సామాను దొరికింది, ఫలానాది దొరకలేదు, ఫలానావాడు చచ్చాడు. ఆ మాటలన్నీ చోటు తింటాయి. ఒక్కసారి వద్దంటే చాలు, మూగదైపోతుంది. గోడకి వేలాడే పెట్టె లోపల కెర్నల్ ఏం గొణుక్కుంటే వినేదెవరు? ఆమె వద్దంది.

ఇంకా పిసరంత తక్కువైంది. అంతకుముందు పచ్చ లైటుని వెలిగించే పని, అరిచే ప్రోగ్రాముదే. ఆ పని దాని చేతిలోంచి తీసి కెర్నల్‌కి అప్పగించింది. గుండెలా కొట్టుకునే లైటు కెర్నల్ దగ్గర తయారుగా ఉంటుంది, అదనపు ఖర్చు లేదు. ఏదైనా ప్రోగ్రాము చస్తే మళ్ళీ లేపే చిన్న కాపలావాడు ఒకడుండేవాడు. అసలు చస్తే కదా అనుకుని వాణ్ణీ పంపించేసింది.

పట్టింది. యజమాని అందరికీ టీ తెప్పించి, అందరి ముందూ ఆమెకి చప్పట్లు కొట్టాడు. ఆ పెట్టెల్లో ఒకటి తమ్ముడి కోల్డ్ స్టోరేజీకే వెళ్తోందని తెలిసిన రోజు, అట్ట డబ్బాకి టేపు తనే అంటించింది.

*

మర్నాడు పొద్దున బస్సులో ఆమె పక్కన కూర్చున్న మనిషి ఫోన్‌లో "హలో, హలో, వినపడట్లేదు" అంటున్నాడు. బస్సు వంతెన కింద ఉంది. వంతెన దాటగానే అతను మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

తమ్ముడు పనిలో ఉండగా ఎప్పుడు ఫోన్ చేసినా దొరకడు. బయట లోడింగు ప్లాట్‌ఫారం మీదకి వచ్చి వాడే చేస్తాడు. కోల్డ్ స్టోరేజీ గోడలు రెండు మూరల మందం ఉంటాయి, చల్లదనం పోకుండా. లోపలికి సిగ్నల్ రాదు. మరి పెట్టె ఆఫీసుకి పంపాల్సిన లెక్కలు సిగ్నల్ లేనప్పుడు ఎక్కడికి పోతున్నాయి? వాటిని పంపే ప్రోగ్రాము రాసినాయన అప్పుడే చెప్పాడు, సిగ్నల్ వచ్చేదాకా లోపలే ఒకచోట కుప్పపోసి ఉంచుతానని. కుప్ప ఎంత ఎత్తు పెరగొచ్చో ఎవరూ అడగలేదు. వర్క్‌షాపు కిటికీ పక్కన సిగ్నల్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. పరీక్షలన్నీ ఆ కిటికీ పక్కనే జరిగాయి.

ఆమె వెళ్ళగానే స్టాకులోంచి కొత్త పెట్టె ఒకటి తీసింది. పరీక్షకి వాడే అమ్మోనియా సీసా మూత తీసి దాని ముందు పెట్టింది. పెట్టె కేక పెట్టింది. టంకం రెండు చెవులూ మూసుకుని "చెప్పి చేయొచ్చు కదండీ" అన్నాడు.

"ఇంకా పాత పెద్ద బోర్డు ఒకటుండాలి మీ దగ్గర."

"ఉంది. ఎందుకు?"

"మాట్లాడించడానికి."

పాత బోర్డు మీద చోటు ఎక్కువ. అందులో అదే కెర్నల్‌ని, నోరు మాత్రం తిరిగి ఇచ్చి ఎక్కించింది. మిగతా చోటంతా లేనట్టే నటించమంది. రెండిటికీ లెక్కలు తీసుకునే వేగం పెంచింది, వారాల్లో జరిగేది పూటలో జరిగేలా. రెండిటినీ సామాన్ల ఇనప బీరువాలో పెట్టి, పాత బోర్డు నుంచి ఒక వైరు తన తెరకి లాక్కుని, తలుపు మూసింది. ఫోన్ లోపల పెట్టి చూసింది. సిగ్నల్ లేదు.

"ఏం, పొదుగుతారా?" అన్నాడు టంకం.

ఆమె తన కుర్చీలో కూర్చుంది. తెర మీద చాలాసేపు ఏమీ రాలేదు. ఎదురుగా టంకం సన్నగా పాడుకుంటూ బోర్డులు అతికిస్తున్నాడు. అతుకుల్లోంచి లేచే రోజనం పొగ అతని తల మీదుగా పైకి లేచి, ఫ్యాను గాలికి చెదురుతోంది. లేచి వెళ్ళి బీరువా తలుపు సందులోంచి చూసింది. చీకట్లో పచ్చ లైటు కొట్టుకుంటోంది. ఇంకాసేపాగి చూసింది. కొట్టుకుంటోంది.

టిఫిన్ డబ్బా విప్పబోతుండగా తెర మీద నాలుగు వాక్యాలు గబగబా పడ్డాయి. తర్వాత మళ్ళీ నిశ్శబ్దం.

ఆమె డబ్బా మూత పెట్టేసి చదివింది. మెమరీ నిండిపోయింది. చోటు కోసం ఒకణ్ణి చంపాను. పక్కనే చచ్చినవాడి పేరు ఉంది. అది అరిచే ప్రోగ్రాము.

కుప్ప పోసింది లెక్కలు పంపేవాడు. కానీ ఆ కుప్ప ఉమ్మడి స్థలంలో ఉంది, ఎవరి ఖాతాలోనూ లేదు. చోటు చాలనప్పుడు ఇంటిపెద్ద ఎక్కువ జాగా ఆక్రమించినవాడెవడా అని చూసింది. సైరన్ మోతని కడుపులో పెట్టుకుని తిరిగే ప్రోగ్రాము లావుగా కనిపించింది. అత్త మీది కోపం దుత్త మీద పడింది. మళ్ళీ లేపేవాడు లేడు. అసలు పెట్టెల్లో అయితే ఈ నాలుగు వాక్యాలు కూడా ఉండవు.

ఆమె వెళ్ళి బీరువా తలుపు బార్లా తీసింది. రెండు పచ్చ లైట్లూ కొట్టుకుంటున్నాయి, పక్కపక్కన, ఒక్క రవ్వ తేడాతో. కొత్త పెట్టె ముందు సీసా మూత తీసింది. పెట్టె అరవలేదు. సీసా ఇంకా దగ్గరికి జరిపింది. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. లైటు కొట్టుకుంటోంది.

"సీసా ఖాళీ అయిపోయిందేమోనండీ" అంటూ టంకం వంగి వాసన చూశాడు. వెంటనే వెనక్కి పడి, బల్ల పట్టుకుని దగ్గాడు. దగ్గు ఆగాక పెట్టె వంకా ఆమె వంకా చూశాడు.

*

యజమాని చెడ్డవాడేం కాదు. సొంత ఇంటి వసారాలో కంపెనీ మొదలుపెట్టి, జీతాలు ఇవ్వడానికి ఇంట్లో వస్తువులు అమ్మిన రోజులున్నాయి ఆయనకి. ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చాడు.

"లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందండి. అదే అసలు ప్రమాదం. ఆ లైటు కెర్నల్ బతికుందనే చెబుతుంది. అరిచేవాడు పోయినా వెలుగుతూనే ఉంటుంది. అలా కట్టింది నేనే."

"ఎన్ని పెట్టెల్లో జరిగుంటుంది?"

"తెలీదండి. సిగ్నల్ లేని చోటల్లా జరిగుంటుంది."

"తెలీదంటున్నారుగా. జరగకపోయి కూడా ఉండొచ్చు." ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "బాగుచేయడానికి ఎంతసేపు?"

"సాయంత్రానికి చేస్తాను. కానీ దాన్ని పెట్టెల్లోకి పంపడానికి సిగ్నల్ కావాలి. సిగ్నల్ ఉన్న పెట్టెలకి ఈ జబ్బు లేదు."

ఆయన కాసేపు బల్ల మీది పెన్నుని అటూ ఇటూ దొర్లించాడు.

"సర్వీసుకి వెళ్ళేవాడు వెళ్ళినప్పుడల్లా ఒక్కోదాన్ని మారుస్తాడు. అడిగితే మామూలు సర్వీసని చెప్తాడు. కొత్త కొనుగోలుదారులు వచ్చే వారం చూడ్డానికి వస్తున్నారమ్మా. ఇప్పుడు ఒక్కరికి చెబితే అందరికీ చెప్పినట్టే. అవతల గదిలో ఉన్నవాళ్ళని చూడండి. టంకంగారికి ఈ వయసులో ఇంకెవరిస్తారు పని? ఇన్నాళ్ళకి జనం మన పెట్టెల్ని నమ్ముతున్నారు."

"నమ్ముతున్నారండి. అందుకే నాకు భయం."

"ఎన్నేళ్ళనుంచో లేని ప్రమాదం ఈ నాలుగు రోజుల్లోనే వస్తుందా?" ఆయన గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు కూడా కోల్డ్ స్టోరేజీలోనే కదూ? ఓ వారం సెలవు పెట్టమనండి. ముందుగా అక్కడిదే మార్పిద్దాం. ఇంట్లోవాళ్ళ సంగతి ముందు చూసుకోవడంలో తప్పేం లేదు."

ఆ ఆలోచన ఆమెకి, ఆయన గదిలో తను అడుగు పెట్టకముందే వచ్చి ఉంది.

వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది. అందుబాటులో లేరంది. మళ్ళీ చేసింది. నూనె తీయడమంటే కంప్రెసర్ అడుగున చేరిన నూనెని వాల్వు తిప్పి బయటికి వదలడం. నూనె అయిపోయిన క్షణాన వాల్వు కట్టేయాలి. కట్టడం ఒక్క రవ్వ ఆలస్యమైతే దాని వెనకే అమ్మోనియా వస్తుంది. తమ్ముడే ఒకసారి చెప్పాడు, అన్నం తింటూ, నవ్వుతూ. ఆమె మళ్ళీ చేసింది. అందుబాటులో లేరు. వరండా చివర గోడకి ఒక అగ్నిమాపక సిలిండరు వేలాడుతోంది. దాని మీది తేదీ ఎప్పటిదో చదవబోయి, ఫోన్ మోగడంతో ఉలిక్కిపడింది.

"ఏంటక్కా, ఇన్నిసార్లు చేశావు? ఇప్పుడే ప్లాట్‌ఫారం మీదకొచ్చా."

"నూనె తీయడం అయిందా?"

"లేదు. పొద్దున కుదర్లేదు, భోజనాలయ్యాక. ఎందుకూ?"

"నువ్వు ఇంటికెళ్ళిపో. ఓ వారం సెలవు పెట్టు."

"వారమా? మళ్ళీ పెళ్ళిచూపులేమైనా పెట్టావా? ఒకత్తి ఉందిగా, చొక్కాలు వాసన చూడ్డానికి."

"దానికే ఒంట్లో బాగోలేదట."

"ఇప్పుడే మాట్లాడా దానితో. డబ్బా మర్చిపోయి వెళ్ళానని తిట్టింది. అంత దమ్ముతో తిట్టినదానికి ఒంట్లో ఏమవుతుంది?" తమ్ముడు నవ్వాడు. "సంగతేంటో చెప్పక్కా."

"ముందు బయల్దేరరా. ఇంట్లో చెప్తాను."

"సరేలే, నువ్వంతగా చెప్తే వెళ్తాను. మన వాకిలాయన ఉన్నాడు, వాల్వు దగ్గర ఆయన కూర్చుంటాడు."

"వాకిలాయనెవరు?"

"నీకు చెప్పలేదా? మునుపు నూనె తీసేటప్పుడు తలుపు బార్లా తీసి, గుమ్మంలో ఒకాయన్ని నిలబెట్టేవాళ్ళం. బయట గాలిలో ఉంటాడు కాబట్టి ముక్కు చెడదు. ఏమాత్రం ఘాటు తగిలినా కేకేసేవాడు, మేం వాల్వు కట్టేసి పరిగెత్తేవాళ్ళం. నీ పెట్టె వచ్చాక ఇంకెందుకని మేనేజరు ఆయన్ని లోడింగులోకి మార్చాడు. తలుపు కూడా మూసేసుకుంటున్నాం. పాపం ముసలాడు, ఇద్దరు ఆడపిల్లలు. లోపలి పని నేర్పమని వెంటపడుతున్నాడు. ఇవాళ నేర్చుకుంటాడులే... అక్కా? వినపడుతోందా?"

అద్దాల తలుపు అవతల యజమాని లేచి నిలబడి ఆమెనే చూస్తున్నాడు. వెనక గదిలో టంకం పాట ఆపేసి కూర్చున్నాడు.

ఆమె ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. యజమాని బల్ల ముందు నిలబడింది.

"వినపడుతోందిరా. నువ్వూ విను. ఆ పెట్టె పనిచేయట్లేదు. లైటు వెలుగుతున్నా సరే, పనిచేయట్లేదు. ఎవర్నీ లోపలికి వెళ్ళనివ్వకు. తలుపులు తీయించి, పెట్టె ప్లగ్గు పీకేయించు. నూనె పని ఆపించు. మేనేజరు అడిగితే, చేసినావిడే చెప్పిందని చెప్పు."

అవతల తమ్ముడు ఏదో అడుగుతున్నాడు. ఆమె ఫోన్ కిందికి దించింది.

"మిగతా అన్ని చోట్లకీ నేనే ఫోన్ చేస్తున్నానండి. ఇప్పుడే, ఇక్కడినుంచే."